రోహిణి దిక్కున వడిసెల

ఆ ఫోటోను అనంతపురంలో ఒక ఫ్లెక్సీ షాపులో ప్రింటు వేయించాను. పెళ్ళి బ్యానర్లకు వాడే గుడ్డ మీదే, మూడడుగుల వెడల్పుతో. షాపతను కంప్యూటర్లో దాన్ని చూసి, "ఏం సార్ ఇది, చిచ్చుబుడ్డా?" అన్నాడు. రెండు వైపులా ఎగిసే చిచ్చుబుడ్డి అని చెప్పాను. పర్సియస్ నక్షత్రమండలంలో, మనకు సుమారు 1000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న హెచ్‌హెచ్ 211 అది. జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసిన ఆ చిత్రం 2023 సెప్టెంబరులో బయటికొచ్చింది. నడుమ అంతా చీకటి. ఆ చీకట్లో ఒక నక్షత్రం పుడుతోంది. దాన్నుంచి ఇటొకటి అటొకటి, గులాబీ నీలి రంగుల్లో రెండు ధారలు దూసుకుపోతున్నాయి. వీటినే జెట్‌లు అంటారు. రాజరాజనరేంద్రుడు రాజమహేంద్రవరంలో ఏలుతున్న కాలానికి అటూ ఇటూగా అక్కడ బయలుదేరిన వెలుతురు అది.

దాన్ని పదో తరగతి గదిలో బోర్డు పక్కన మేకులకు తగిలించి, నక్షత్రాలు ఎలా పుడతాయో చెప్పడం మొదలుపెట్టాను. ఇరవై రెండేళ్ళుగా చెబుతున్న మాటలే. చల్లని వాయువు, దుమ్ము కలిసిన మేఘం ఒకటి ఉంటుంది. గురుత్వాకర్షణ వల్ల అది తన మీదికి తనే కుంగుతుంది. నడిమి భాగం నలిగి వేడెక్కుతుంది. ఆ వేడి కోటి డిగ్రీల దాకా చేరాక హైడ్రోజన్ హీలియంగా మారడం మొదలై నక్షత్రం స్థిరంగా వెలుగుతుంది. ఇంతవరకు చెప్పగానే మూడో బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, అంతా లోపలికి పడతాందని చెప్తాండారు గదా. మరి ఫోటోలో బయటికి వస్తాండాదేం?"

నేను చెప్పిన కథలో ఆ ఫోటోకు చోటే లేదని అప్పుడు అర్థమైంది. జెట్‌ల గురించి నాకు తెలియక కాదు. చాలాకాలంగా చదువుతూనే ఉన్నాను. కానీ వాటిని చివర్లో, టైముంటే చెప్పే ముచ్చటగా పక్కన పెట్టుకున్నాను. పాఠం వేరు, ముచ్చట వేరు అనుకున్నాను. అది తప్పు. పుట్టే నక్షత్రం బయటికి విసిరే ఆ ధారలు పుట్టుకకు అలంకారం కాదు, పుట్టుక జరగడానికి కావలసిన పనుల్లో ఒకటి. మనం బళ్ళో చెప్పే కథలో సగమే ఉంది. అదీ తేలిక సగం. పడడం తేలిక. తిరుగుతూ పడేదాన్ని ఒకచోట నిలపడం కష్టం. ఆ కష్టం చెప్పకుండా నక్షత్రం పుట్టిందని చెబితే, పంట ఇంటికొచ్చిందని చెప్పి సేద్యం గురించి ఏమీ చెప్పనట్టు.

ఆ వారం పిల్లలతో బోర్డు మీద చేయించిన లెక్క ఇక్కడ పెడతాను. ఇది చూశాక ఎవరికైనా నా బాధ అర్థమవుతుంది.

మేఘంలో ఒక్కో నక్షత్రానికి ముడిసరుకయ్యే ముద్ద ఒకటుంటుంది. దాని అడ్డకొలత సుమారు 3 లక్షల కోట్ల కిలోమీటర్లు. మన సూర్యుడి అడ్డకొలత 14 లక్షల కిలోమీటర్లు. అంటే ఆ ముద్ద 20 లక్షల రెట్లకు పైగా కుంచించుకోవాలి. ఇక్కడే చిక్కు వస్తుంది. ఆ ముద్ద కదలకుండా ఉండదు, చాలా నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. ఒక్క చుట్టు తిరగడానికి 30 లక్షల ఏళ్ళు పట్టేంత నెమ్మది అనుకుందాం. అయినా అది అంత పెద్దది కాబట్టి దాని అంచు సెకనుకు 100 మీటర్ల వేగంతో కదులుతుంటుంది. తిరిగే వస్తువు కుంచించుకుంటే ఎన్ని రెట్లు చిన్నదవుతుందో అంచు వేగం అన్ని రెట్లు పెరగాలి. కోణీయ ద్రవ్యవేగం ఎక్కడికీ పోదు అని పుస్తకంలో ఒక వాక్యంగా చదివేది ఇదే. 100 మీటర్లను 20 లక్షలతో హెచ్చవేస్తే సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు వస్తుంది. కాంతి వేగమే సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు!

సూర్యుడంత నక్షత్రం ఎంత వేగంగా తిరగగలదు? అంచు వేగం సెకనుకు 440 కిలోమీటర్లు దాటితే దాని గురుత్వం దాన్ని పట్టి ఉంచలేదు, చెదిరిపోతుంది. మరి ఇవాళ మన సూర్యుడి అంచు వేగం ఎంత? సెకనుకు 2 కిలోమీటర్లు. 2 లక్షలు రావలసినచోట 2 ఉంది. మిగతా తిరుగుడంతా ఎటు పోయింది? బోర్డు మీద రెండు అంకెలనూ పక్కపక్కన రాసి, పిల్లలతో పాటు నేనూ కాసేపు ఊరికే చూస్తూ నిలబడ్డాను.

నిజానికి ఆ ముద్ద 2 లక్షల వేగం దాకా రాదు. చాలా ముందే తిరుగుడు దాన్ని ఆపేస్తుంది. నిలువుగా పడేది పడుతుంది, అడ్డంగా పడేది పడలేక చుట్టూ తిరుగుతూ పళ్ళెంలా పరుచుకుంటుంది. 2014లో చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపులు తీసిన హెచ్ఎల్ టౌరీ చిత్రం చూస్తే ఆ పళ్ళెం ఎట్లా ఉంటుందో తెలుస్తుంది. 450 కాంతి సంవత్సరాల దూరంలో, నెప్ట్యూన్ కక్ష్యకు సుమారు మూడింతలు విస్తరించి, లోపల వలయాలు వలయాలుగా ఉంది. ఆ పళ్ళెంలోని వాయువు అట్లాగే తిరుగుతూ ఉంటే నక్షత్రంలో పడదు. భూమి 450 కోట్ల ఏళ్ళుగా సూర్యుడి చుట్టూ తిరుగుతూ సూర్యుడిలో పడకుండా ఉందంటే కారణం అదే. పళ్ళెంలోది నక్షత్రంలోకి దిగాలంటే తన తిరుగుడును ఎవరికో ఒకరికి ఇచ్చేయాలి. తీసుకునేవాళ్ళు లేకపోతే నక్షత్రం లేదు.

ఈ మాట చెబుతుంటే ఆ అమ్మాయే మళ్ళీ లేచింది. వాళ్ళ నాయన బోరుబండి మీద పనిచేస్తాడు. "బోరేసేటప్పుడు దుబ్బ పైకి రాకుంటే హామర్ ఇరుక్కుంటాది సార్. అట్లాంటిదేనా?"

అట్లాంటిదే. మా జిల్లాలో బోరు వేయడం చూడని పిల్లలు ఉండరు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. బుడ్డలు వేసి మొగులు చూసి, మొగులు మోసం చేస్తే నేల అడుక్కి పోతాం. అర్ధరాత్రి బోరుబండి చేన్లో దిగుతుంది. కంప్రెసర్ గాలి రాడ్ల లోపలినుంచి అడుక్కి పోయి, బిట్టు పగలగొట్టిన రాతిపొడిని రాడ్ల పక్కనుంచి పైకి ఎగదోస్తుంది. ఇరవై అడుగుల ఎత్తున తెల్లటి పొడి లేచి, చుట్టూ నిలబడ్డవాళ్ళ తలలన్నీ నెరిసిపోతాయి. చూసేవాళ్ళకు ఆ పొడి వృథా. బండి మీది మనిషికి అది ప్రాణం. పొడి ఆగిందంటే హామర్ ఇరుక్కున్నట్టు, రాడ్లు పోయినట్టు. కిందికి దిగేది పైకి వచ్చేదాని మీద ఆధారపడి ఉంటుంది.

ఆ అమ్మాయి పోలిక నాకు చాలా నచ్చింది. అయినా అది ఒకచోట సరిపోదు, ఆ సంగతి అప్పుడే చెప్పాను. బోరుకు బయట కంప్రెసర్ లారీ ఉంది. నక్షత్రానికి బయటినుంచి గాలి కొట్టేవాళ్ళు ఎవరూ లేరు. విసరడానికి కావలసిన బలం కూడా ఆ పడడంలోంచే రావాలి, ఆ తిరుగుడులోంచే రావాలి. అందుకు ఇంకో పనిముట్టు కావాలి. అది మా తాత దగ్గర ఉండేది.

జొన్నచేను కంకి మీదున్నప్పుడు తాత మంచె ఎక్కి వడిసెల తిప్పేవాడు. ఇప్పటి పిల్లల్లో దాన్ని చూసినవాళ్ళు తక్కువ. నడుమ రాయి పెట్టుకునే చిన్న అల్లిక, దానికి రెండు వైపులా తాళ్ళు. ఒక తాడు కొస వేలికి కట్టుకుని, రెండో కొస పిడికిట్లో పట్టుకుని తల మీద రెండు మూడు చుట్లు తిప్పి, రెండో కొసను వదిలేస్తే రాయి చేను అవతలి గట్టు దాటి పడేది. చేత్తో విసిరిన రాయి అందులో సగం దూరం కూడా పోదు. చెయ్యి అదే, రాయి అదే, మధ్యలో తాడు పొడవు తేడా.

పళ్ళెంలో ఆ తాడు పని చేసేది అయస్కాంత క్షేత్రం. మేఘం కుంగేటప్పుడు తనలోని అయస్కాంత బలరేఖలను కూడా వెంట లాక్కొస్తుంది. పళ్ళెంలో వాయువు కొంతైనా అయనీకరణం చెంది, అంటే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి, ప్లాస్మాగా ఉంటుంది. ప్లాస్మా బలరేఖ వెంబడి జారగలదు, దాన్ని అడ్డంగా దాటలేదు. తాడుకు గుచ్చిన పూస లాగా. పళ్ళెం తిరిగితే దానిలో పాతుకున్న బలరేఖా తిరుగుతుంది, పూసా తిరుగుతుంది. 1982లో రోజర్ బ్లాండ్‌ఫర్డ్, డేవిడ్ పేన్ అనే శాస్త్రవేత్తలు ఈ లెక్క కట్టారు. వాళ్ళు అప్పుడు ఆలోచించింది కృష్ణబిలాల చుట్టూ ఉండే పళ్ళేల గురించి. కానీ అదే లెక్క పుట్టే నక్షత్రానికీ సరిపోయింది. బలరేఖ పళ్ళెంతో చేసే కోణం 60 డిగ్రీల కన్నా తక్కువగా, అంటే బయటికి వాలి ఉంటే, పూస ఇక నిలవదు. తిరుగుడే దాన్ని బయటికి, పైకి విసిరేస్తుంది. ఆ కోణం గురించి మొదటిసారి చదివిన రోజు నాకు మంచె మీద తాత చెయ్యి వాలు గుర్తొచ్చింది.

విసిరింది చెదిరిపోకుండా సన్నటి ధారగా ఎందుకు పోతుంది? పైకి పోయేకొద్దీ ప్లాస్మా, పళ్ళెంతో సమానంగా తిరగలేక వెనకబడుతుంది. దాంతో బలరేఖలు మెలి తిరిగి, పగ్గం పేనినట్టు ధార చుట్టూ బిగుసుకుంటాయి. ఆ బిగువే దాన్ని ఇరుసు వెంబడి నిలబెడుతుంది. అందుకే పళ్ళేనికి అడ్డంగా కాకుండా, రెండు వైపులా నిటారుగా రెండు ధారలు. వేగం సెకనుకు వంద నుంచి కొన్ని వందల కిలోమీటర్లు.

పడేదాంట్లో సుమారు పదో వంతు మాత్రమే ఇట్లా విసరబడుతుంది. పదో వంతు ఇంత పని ఎట్లా చేస్తుందని అడగవచ్చు. తాడు పొడవు వల్లే. పొడవైన తాడు చివర ఉన్న చిన్న రాయి, దగ్గరున్న పెద్ద రాయి కన్నా ఎక్కువ తిరుగుడును మోసుకుపోగలదు. ఒక పాలు పోయి, మిగతా తొమ్మిది పాళ్ళను లోపలికి దించుతుంది.

జెట్ ఒక్కటే మొత్తం భారం మోస్తుందని నేను అనడం లేదు. అట్లా అంటే అదీ సగం కథే అవుతుంది. పళ్ళెం తన తిరుగుడులో కొంత వెలుపలి అంచుకు నెట్టుకుంటుంది. పళ్ళెం మీదంతా జెట్ కన్నా నెమ్మదైన, వెడల్పైన గాలి కూడా లేస్తుంది. ముద్దగా ఉన్నప్పుడే అయస్కాంత క్షేత్రం కొంత బ్రేకు వేస్తుంది. ఒకటి కాక జంట నక్షత్రాలు పుడితే వాటి పరిభ్రమణంలో కొంత ఇముడుతుంది. ధార సరిగ్గా ఎక్కడ మొదలవుతుంది, పళ్ళెం లోపలి అంచునుంచా లేక ఇంకాస్త వెడల్పునుంచా అనే వాదం ఇప్పటికీ నడుస్తోంది. ఫ్రాంక్ షూ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1994లో లోపలి అంచు వైపు నిలబడ్డారు. 2017లో ఆల్మాతో ఒరాయన్ నక్షత్రమండలం‌లోని హెచ్‌హెచ్ 212ను చూసినవాళ్ళకు, ఆ ధార తన ఇరుసు చుట్టూ తిరుగుతూ పోతోందని, అదీ పళ్ళెం తిరిగే వైపుకేనని తెలిసింది. ఆ తిరుగుడును బట్టి వెనక్కి లెక్కగడితే ధార బయలుదేరిన చోటు నక్షత్రానికి సుమారు 70 లక్షల కిలోమీటర్ల దూరం. మన బుధగ్రహం కూడా సూర్యుడికి అంతకంటే చాలా దూరంలో ఉంది. ధార తిరుగుడును మోసుకుపోతోందనడానికి ఇంతకన్నా నేరుగా ఇంకేం చూపించాలి?

ఈ సంగతి తెలియడానికి ఎంత కాలం పట్టిందో చెప్పాలని నాకు మొదటినుంచీ ఆత్రంగా ఉంది. ఎందుకంటే మన పాఠంలో ఉన్న లోపమే ఖగోళ శాస్త్రవేత్తలకూ ఉండేది.

1890లో అమెరికాలోని లిక్ అబ్జర్వేటరీలో బర్న్‌హామ్ అనే ఆయన టి టౌరీ అనే నక్షత్రం పక్కన చిన్న మబ్బు మరక చూశాడు. ఏమిటో ఎవరికీ పట్టలేదు. 1940ల్లో ఇద్దరు మనుషులు, ఒకరికొకరు తెలియకుండా, ఒరాయన్‌లో అలాంటి మరకలే చూశారు. ఒకరు లిక్‌లోనే ఉన్న జార్జ్ హెర్బిగ్. ఇంకొకరు మెక్సికోలోని టోనాన్‌సింట్లా అబ్జర్వేటరీలో ఉన్న గిల్లెర్మో ఆరో. ఆరో ముందు తత్వశాస్త్రం చదివి, పత్రికా విలేఖరిగా పనిచేసి, ఒక ఇంటర్వ్యూ కోసం వెళ్ళి ఖగోళశాస్త్రం వైపు వచ్చిన మనిషి. ఇద్దరూ 1949 డిసెంబరులో అరిజోనాలోని టూసాన్‌లో కలుసుకున్నారు. 1954లో ఆర్మేనియా శాస్త్రవేత్త అంబార్త్సుమ్యాన్ వాటికి ఆ ఇద్దరి పేర్లూ కలిపి పెట్టాడు. హెచ్‌హెచ్ అంటే హెర్బిగ్, హారో. స్పానిష్‌లో హెచ్ పలకదు కాబట్టి పైన ఆరో అని రాశాను, ఆయన ఊళ్ళోవాళ్ళు పిలిచినట్టు.

ఆ మెరిసే ముద్దలే అప్పుడే పుడుతున్న నక్షత్రాలు అని అప్పట్లో చాలామంది నమ్మారు. మెరిసేదే నక్షత్రం అనుకోవడం సహజం. 1975లో రిచర్డ్ ష్వార్ట్జ్ వేరే మాట చెప్పాడు: ఇవి నక్షత్రాలు కావు, నక్షత్రం నుంచి వేగంగా వచ్చే వాయువు ఎదురున్న వాయువును గుద్దుకుని పుట్టే షాక్ తరంగాలు. 1981లో హెర్బిగ్, జోన్స్ పాత ఫోటోలనూ కొత్త ఫోటోలనూ పోల్చి చూస్తే, హెచ్‌హెచ్ 1, హెచ్‌హెచ్ 2 అనే రెండు ముద్దలూ ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో, సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతున్నాయి. మరి వాటిని విసిరింది ఎవరు? 1985లో రేడియో టెలిస్కోపుతో ఆ రెంటి నడుమ చూస్తే దొరికింది అసలు నక్షత్రం. దుమ్ములో పూర్తిగా కప్పబడి, మామూలు టెలిస్కోపుకు కనిపించకుండా ఉంది.

ముప్పై ఏళ్ళకు పైగా, విసిరినదాన్ని చూసి విసిరినవాడు అనుకున్నారు. ఇది తెలిశాక కూడా మన పిల్లలకు మేఘం కుంగింది, నక్షత్రం పుట్టింది అని రెండు ముక్కల్లో చెప్పి ముగించడం నాకు మనసొప్పడం లేదు.

మా స్టాఫ్ రూములో దీని మీద వాదన జరిగింది. సిలబస్‌లో లేనిది చెబితే పిల్లలకు పరీక్షల టెన్షన్ ఇంకా పెరుగుతుందని ఒక సీనియర్ సార్ అన్నారు. ఆయన పిల్లల మేలు కోరే మనిషి, ఆ మాటను కొట్టిపారేయలేను. కానీ కోణీయ ద్రవ్యవేగం వాళ్ళు పై తరగతుల్లో ఎట్లాగూ చదవాలి. అయస్కాంత బలరేఖలు పదో తరగతిలోనే ఉన్నాయి. వృత్తాకార చలనం ఉంది, గురుత్వాకర్షణ ఉంది. వేరువేరు పాఠాల్లో వేరువేరు మార్కులకు పడి ఉన్న ఈ నాలుగూ ఒక్కచోట కలిసి పనిచేసేది పుట్టే నక్షత్రం దగ్గర. కొత్తగా నేర్పేది ఏమీ లేదు. నేర్చినవన్నీ ఎందుకు నేర్చామో చూపించడమే.

ఇంకొకరు దీన్ని ప్రార్థన సమయంలో నీతిగా చెబుదామన్నారు. చూశారా, నక్షత్రం కూడా ఇస్తేనే ఎదుగుతుంది అని. నేను వద్దన్నాను. నక్షత్రం ఎవరికీ ఏమీ ఇవ్వడం లేదు, ఎవరి మేలూ కోరడం లేదు. దాన్ని దానిగా చూడనివ్వాలి పిల్లల్ని. అట్లాగే ఇలాంటి చిత్రం వచ్చినప్పుడల్లా "పసి నక్షత్రం తుమ్మింది", "అలిగింది" అని రాసే వార్తలు కూడా నాకు నచ్చవు. తుమ్ము అనగానే అది అనుకోకుండా వచ్చిపోయేదని మనసులో పడిపోతుంది. ఇది అనుకోకుండా వచ్చేది కాదు. తిండి లోపలికి పోతున్నంతకాలం విసరడం ఉంటుంది. లక్షల ఏళ్ళ పాటు.

ఆ విసరడం ఒకే తీరుగా ఉండదు. జెట్ ఫోటోలు దగ్గరగా చూస్తే ధారలో ముడులు ముడులుగా కనిపిస్తాయి. పళ్ళెంలోంచి ఎక్కువ పడినప్పుడు గట్టిగా, తక్కువ పడినప్పుడు మెల్లగా విసరడం వల్ల, వెనక వచ్చిన వేగపు ముద్ద ముందు పోయిన నెమ్మది ముద్దను గుద్దుకుని మెరుస్తుంది. హెచ్‌హెచ్ 212లో ఇటువైపు ముడికి సరిగ్గా అటువైపు అదే దూరంలో ఇంకో ముడి ఉంటుంది. ఒకే రోజు తిన్న తిండికి రెండు గుర్తులు. ముడి ఎంత దూరం పోయిందో, ఎంత వేగంతో పోతోందో తెలిస్తే అది ఎప్పుడు బయలుదేరిందో పిల్లలు కూడా లెక్క కట్టగలరు, దూరం బై వేగం. నక్షత్రాన్ని దుమ్ము కప్పేసింది కాబట్టి దాని చిన్నతనం మనం చూడలేం. కానీ అది ఎప్పుడెప్పుడు ఎక్కువ తిన్నదో, ఎప్పుడు పస్తున్నదో ఆ ధార మీద రాసి ఉంది. హబుల్ టెలిస్కోపు 1994 నుంచి 2008 దాకా తీసిన ఫోటోలను వరసగా పేర్చి పాట్రిక్ హార్టిగన్ బృందం 2011లో చిన్న వీడియోలు చేసింది. వాటిలో ఆ ముడులు నిజంగా కదులుతాయి. ఆకాశంలో మనిషి జీవితకాలంలో కదిలేవి చాలా తక్కువ. ఆ వీడియోలు మా క్లాసులో నాలుగు సార్లు వేయమన్నారు.

ఫోటోలోని హెచ్‌హెచ్ 211లో ఇంకో విశేషం ఉంది. దాని నడుమనున్న నక్షత్రం ప్రస్తుతం సూర్యుడి బరువులో 8 శాతమే. వయసు కొన్ని పదుల వేల ఏళ్ళకు మించదు. దాని ధారలో హైడ్రోజన్ అణువులు, కార్బన్ మోనాక్సైడ్, సిలికాన్ మోనాక్సైడ్ చెదరకుండా ఉన్నాయి. కాస్త వయసొచ్చిన నక్షత్రాల ధారల్లో గుద్దుడు బలంగా ఉండి అణువులు పరమాణువులుగా విడిపోతాయి. ఇక్కడ అంత బలం ఇంకా రాలేదు. మన సూర్యుడు కూడా ఒకప్పుడు ఇట్లాగే ఉండేవాడని అనుకోవడానికి ఇది మంచి నమూనా.

ఇదంతా ఎక్కడో అమెరికా, చిలీల పని అని మా పిల్లలు అనుకోకూడదని ఇంకో రెండు సంగతులు చెప్పాను. పుణె దగ్గర ఖొడద్ ఊళ్ళో 45 మీటర్ల వెడల్పున్న 30 యాంటెన్నాలతో జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపు ఉంది. డీజీ టౌరీ అనే పసి నక్షత్రం జెట్ చివర ఎలక్ట్రాన్లు కాంతి వేగానికి దగ్గరగా పరుగెడుతున్న ఆనవాళ్ళు 2014లో దొరికింది దానితోనే. రెండోది, 2004 జనవరిలో జే మెక్‌నీల్ అనే అమెరికా ఔత్సాహికుడు, ఉద్యోగరీత్యా శాస్త్రవేత్త కానివాడు, మూడించుల చిన్న టెలిస్కోపుతో ఒరాయన్‌లో అంతకుముందు లేని మబ్బును పట్టుకున్నాడు. ఒక పసి నక్షత్రం ఒక్కసారిగా ఎక్కువ మింగి వెలిగిపోవడం వల్ల కనిపించిన మబ్బు అది. దాన్ని తర్వాత పరిశీలించినవాటిలో లడఖ్‌లోని హన్లేలో ఉన్న మన 2 మీటర్ల చంద్ర టెలిస్కోపు కూడా ఉంది. ఆ టెలిస్కోపును నడిపేది బెంగళూరు పక్కన హోసకోటెలో కూర్చుని. అనంతపురంలో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరే దూరం.

మాఘమాసంలో ఒక రాత్రి పిల్లల్ని, వాళ్ళ ఇళ్ళల్లో అడిగి, బడి మైదానంలోకి రమ్మన్నాను. కరెంటు స్తంభాల లైట్లు దూరం, మొగులు లేదు. ముందు కృత్తికలు చూపించాను. మా అవ్వ పిల్లల కోడి అనేది. తర్వాత ఎర్రగా రోహిణి. ఈ రెంటి నడుమ, కంటికి ఖాళీగా కనిపించే చోట, బర్న్‌హామ్ మరక చూసిన టి టౌరీ ఉంది, పళ్ళెం ఉన్న హెచ్ఎల్ టౌరీ ఉంది. కాస్త దిగువన మృగశిర, దాని పక్కన ఆరుద్ర, ఇంకా కిందికి వస్తే మూడు చుక్కల వరస, దాని కింద వేలాడే కత్తిలో మసకగా ఒరాయన్ నెబ్యులా. హెచ్‌హెచ్ 1, 2 ఆ కత్తికి కొంచెం కిందనే.

అప్పుడు నాకే కొత్తగా తట్టిందొకటి వాళ్ళకు చెప్పాను. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని అంటాం. మృగశిర రాగానే మొగులు చూస్తాం, ఆరుద్రలో బుడ్డలు వేద్దామా అని విత్తనాలు సిద్ధం చేస్తాం. కార్తె అంటే ఆ రోజుల్లో సూర్యుడు ఆ నక్షత్రం దిక్కున ఉన్నాడని. అంటే మన ఊళ్ళో చేన్లన్నీ వాన కోసం తలెత్తి చూసే ఆ నెలన్నర రోజులూ, సూర్యుడి వెనక, పగటి వెలుతురు అవతల, మనకు దగ్గరలో నక్షత్రాలు ఎక్కువగా పుడుతున్న దిక్కే ఉంటుంది. రోహిణి ఎండ మాడుస్తున్నప్పుడు దాని వెనక చల్లని మేఘాల్లో వడిసెలలు తిరుగుతుంటాయి.

ఆ అమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇళ్ళకు పోయే ముందు దగ్గరికి వచ్చి అడిగింది.

"సార్, మన సూర్యుడూ ఇసిరింటాడు గదా. అది ఇప్పుడు యాడుంది?"

చాలా మటుకు ఎక్కడెక్కడో కలిసిపోయిందమ్మా, అని చెప్పాను. సూర్యుడు పుట్టి 460 కోట్ల ఏళ్ళు, అప్పటినుంచి పాలపుంత చుట్టూ సుమారు ఇరవై చుట్లు తిరిగాడు. పుట్టిన చోటు ఎక్కడో వెనకపడిపోయింది, విసిరిన వాయువు వేరే మేఘాల్లో చేరి, వేరే నక్షత్రాల్లో కూడా పడి ఉండొచ్చు. కానీ ఒక చిన్న సంగతి ఉంది. స్టార్‌డస్ట్ అనే నౌక వైల్డ్ 2 అనే తోకచుక్క దుమ్మును పట్టి 2006 జనవరిలో భూమికి తెచ్చింది. తోకచుక్కలు సూర్యుడికి చాలా దూరంలో, గడ్డకట్టే చలిలో పుట్టినవి. ఆ దుమ్ములో మాత్రం వెయ్యి డిగ్రీలకు పైబడిన వేడిలో తప్ప ఏర్పడని ఖనిజపు రేణువులు ఉన్నాయి. సూర్యుడి దగ్గర కాలి, అంత దూరం ఎట్లా పోయాయి? పళ్ళెంలోనే మెల్లగా కొట్టుకుపోయాయని కొందరంటారు. షూ బృందం మాత్రం స్టార్‌డస్ట్ తిరిగి రాకముందే, 1990ల్లోనే, పసి సూర్యుడి గాలి కొన్ని రేణువులను పైకి ఎగరేసి దూరాన పళ్ళెం మీద పడేసి ఉంటుందని రాసింది.

"అంటే కొంచెం మళ్ళీ మన దగ్గరే పడిందా?"

పడి ఉండొచ్చు అన్నాను. వాళ్ళ నాయన మైదానం గేటు దగ్గర బండి స్టార్ట్ చేసి పెట్టుకుని ఉన్నాడు. రాత్రికి కళ్యాణదుర్గం వైపు బోరు ఉందట, తొందరలో ఉన్నాడు. ఆ అమ్మాయి వెనక కూర్చుని, పోతూ పోతూ, వాళ్ళ నాయనకు చేతులు తిప్పి వడిసెల చూపిస్తోంది.